ఆమె ఊదిన హంస

యూనివర్సిటీలో ఊరూరా తిరిగే కళాకారులు గాజు ఊది చూపిస్తున్నారని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కబురొస్తే, మొన్న తార్నాక నుంచి ఆటో కట్టించుకుని వెళ్ళాను. మంట ముందు ఒక అమ్మాయి కూర్చుని గాజుగొట్టం ఊదుతోంది, ఇంకో అమ్మాయి మైకులో వివరిస్తోంది. అందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు, కనబడాల్సిన పనీ లేదు. నాకు మాత్రం అక్కడే కెమిస్ట్రీలో నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఇలాగే గాజు ఊదడానికి వచ్చిన భార్యాభర్తలు గుర్తుకొచ్చారు.

వాళ్ళని పిలిపించింది మా డిపార్ట్‌మెంటులోనే పనిచేసే బాబాయి. బర్నరూ, గాజుకడ్డీలూ గోనెపట్టాలో చుట్టుకుని కాచిగూడలో రైలు దిగిన ఆ ఇద్దరికీ హాస్టల్లో చోటు దొరక్కపోతే, తార్నాకలో మా మేడమీద గది ఖాళీగానే ఉంది కదా అని బాబాయి మా ఇంటికే తీసుకొచ్చేశాడు. అమ్మ కాసేపు గొణిగింది గానీ, మేడమీంచి ఆ గాజు ఊదే ఆయన దగ్గు వినబడగానే మిరియాల కషాయం కాచి తనే పట్టుకెళ్ళింది.

ఆ మెట్లమీదే ఆవిడ అమ్మకి సంగతంతా చెప్పుకుంది. ఆయన చిన్నప్పటినుంచీ గాజు కార్ఖానాలో పనిచేసినవాడట, డాక్టరు ఇక ఊదొద్దన్నాడట, పని తనకీ వచ్చట, అమ్మే బొమ్మల్లో సగం తను చేసినవేనట, జనం ముందు మాత్రం తనని కూర్చోనివ్వడట. మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చే అలవాటు మా అమ్మకి లేదు.

ప్రదర్శన మా లాబ్ వెనక వరండాలో. ఆయన హంసని చేస్తానని మొదలుపెట్టి, గొట్టం మంటలో తిప్పుతూ మెత్తబడ్డాక నోట పెట్టుకున్నాడు, అదే సమయానికి దగ్గు తెర వచ్చింది. గాజు సబ్బునురగలా ఒక్కసారిగా ఉబ్బి, పలచబడి, చిట్లిపోయింది. వెనకనున్న కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆయన దగ్గుతూనే మరో గొట్టం అందుకోబోయాడు.

ముందువరసలో నిలబడ్డాను గనక ఆ భార్యాభర్తలు మెల్లగా అనుకున్నది నాకు వినబడింది.

"లే, నేను కూసుంట."

"ఇంతమంది ముంగటనా? ఏమనుకుంటరే?"

"ఏమన్న అనుకోనీ. నీకేమన్నయితే నాకెవరున్నరు?"

ఆయన లేచాడు. ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గోడవైపు జరిగాడు. ఆవిడ కొంగు నడుముకి బిగించి, కూర్చుని, మంట సరిచేసుకుని ఊదడం మొదలుపెట్టింది. వరండా నెమ్మదిగా సద్దుమణిగింది. ఇంతలో ఎవరో, ఇప్పుడేం చేస్తున్నారని అడిగారు. ఆవిడ నోట్లో గొట్టం ఉంది, జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగితే ఆయన గొంతు సవరించుకుని, అయిష్టంగానే అందుకున్నాడు.

"గాజు మెత్తవడ్డంక ఊపిరి సన్నగ ఇడవాలె సార్. జోరుగ ఇడిస్తె పగుల్తది." కాస్త ఆగి, ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు, "ఆమె నాకన్న సన్నగ ఇడుస్తది."

ఆవిడ తలెత్తలేదు. హంస మెడ ఒంపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదని ఆవిడ కంచం తిరిగి తెచ్చింది. కోపమో, సిగ్గో, రెండూనో నాకు తెలియదు. మర్నాడు మాత్రం క్యాంపస్‌కి వెళ్ళగానే ఆయనే స్టూలు తెచ్చి మంట ముందు వేసి, దుమ్ము దులిపి, పక్కకి తప్పుకున్నాడు. మరుసటేడు మళ్ళీ వచ్చినప్పుడు ఆయన మంచి మాటకారి అయిపోయాడు, పిల్లలు గాజు చూడ్డానికి ఎంతమంది వచ్చారో ఆయన కబుర్లకీ అంతమందే వచ్చారు. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఆ తరవాత వాళ్ళు రాలేదు. అమ్మ ఆవిడని "అమ్మాయ్" అనే పిలిచేది, ఆయన మాకు "గాజాయన", పేర్లు అడగాలని ఎవరికీ తోచలేదు. మన రోజుల్లో అంతే కదా, మనుషులు ఇంట్లో ఉండి, మన కంచాల్లో తిని, వెళ్ళిపోయేవారు, వెళ్ళాక ఎక్కడున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరైనా క్షణంలో దొరుకుతారు, కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళని మేడమీదికి రానిచ్చే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు, మాదీ అంతే. ఆయన ఎంతకాలం బతికాడో, ఆయన పోయాక ఆవిడ ఊదుతుంటే జనానికి ఎవరు జవాబు చెప్పారో, అడగడానికి ఎవరూ లేరు.