మేనమామ ఇల్లనుకున్న ఊరు

ఒక్క మధ్యాహ్నంలో ఒక రాజ్యాన్ని సర్వనాశనం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నాకు సైన్యం లేదు, గుర్రం లేదు. సిద్దిపేటలో మా మేనమామ ఇంట్లో చాప మీద కూర్చుని, మురుకులు నములుతూ ఆ పని కానిచ్చాను. పైగా చెడ్డ ఉద్దేశం రవ్వంత కూడా లేదు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మాది మిరుదొడ్డి. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి మామ ఇంట్లో దిగేవాణ్ణి. మామ మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ఇంట్లో మా మరదలు శ్రావ్య దగ్గర టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్ కూడా ఉంది.

మా ఇద్దరికీ రోల్ ప్లేయింగ్ గేములంటే పిచ్చి. అంటే మనమే కథలో వీరుడై ఊరూరా తిరుగుతూ, పోరాడుతూ, చివరికి లోకాన్ని కాపాడే ఆటలు. పిచ్చి ఒకటే గానీ దేశాలు వేరు. నాకు జపాన్ వాళ్లు చేసినవి ఇష్టం, ఆమెకు అమెరికా, యూరప్ వాళ్లు చేసినవి. నా ఆటల్లో వీరుడి పేరు, జుట్టు రంగు, చిన్నప్పటి కష్టాలు అన్నీ వాళ్లే రాసి పెడతారు, మనం వెంట నడిస్తే చాలు. శత్రువు కూడా ఎంత మర్యాదస్తుడంటే, మన వంతు అయ్యేదాకా కత్తి పట్టుకుని ఎదురుచూస్తాడు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఎవరింట్లోకైనా దూరి, కుండలు పగలగొట్టి, పెట్టెలు తెరిచి, దొరికింది జేబులో వేసుకోవచ్చు. ఇంటి యజమాని పక్కనే నిలబడి "ఈరోజు గాలి చల్లగా ఉంది" అంటాడు.

మా అత్తమ్మకు ఇది మింగుడుపడేది కాదు. బియ్యం ఏరుతూ టీవీ వైపు చూసేది.

"అల్లుడా, గా ఇల్లెవరిది?"

"తెల్వదత్తమ్మా."

"తెల్వకుంటనే లోపటికి పోయినవా? గా ముసలామె ఏమంటలేదేంది?"

"జపాన్ ఆట అత్తమ్మా. గట్లనే ఉంటది."

"అయితే గా దేశపోళ్లు శాన మంచోళ్లు," అని తేల్చేసి మళ్లీ బియ్యంలో పడేది.

నాకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. మేనమామ ఇంట్లో మేనల్లుడు చేసేదీ అదే కదండీ! వచ్చీరాగానే వంటింట్లోకి దూరి, పై అర మీది డబ్బా దించి, మురుకులు దోసిట్లో పోసుకోవడం నా జన్మహక్కు. అడిగితేనే అత్తమ్మకు కోపం. "పరాయోని లెక్క అడుగుతవేంది?" అనేది.

ఆ ఆదివారం శ్రావ్య తన దోస్తు పెళ్లికి దౌల్తాబాద్ బయలుదేరింది. ఎన్నడూ తన ఆటను ముట్టుకోనివ్వని పిల్ల, ఆరోజు తానే కంట్రోలర్ నా చేతిలో పెట్టింది.

"బావ, అడవిల మందు మొక్కలు ఏరాలె. నాకు విసుగొస్తుంది, నువ్వు ఏరిపెట్టు. గంతే, ఇంకేం చెయ్యకు. వచ్చే వారం హాస్టల్‌కు పోతున్న, పోయేలోపల ఆఖరి యుద్ధం చూడాలె. రెండేండ్ల కష్టం, సమజైందా?"

"నాకే చెప్తున్నవా? నేను ఎన్ని లోకాలు కాపాడిన్నో తెల్వదా?"

"గదే నా భయం," అంటూ వెళ్లిపోయింది.

మొక్కలు ఏరడం తొందరగానే అయిపోయింది. అడవి చివర ఒక ఊరు కనిపించింది. రాతి ఇళ్లు, పొగ గొట్టాలు, వరసగా తలుపులు. తెల్లోళ్ల ఆటలో కుండల్లో ఏం పెడతారో చూడాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్క ఇల్లు చూసి వచ్చేద్దామని మొదటి తలుపు తోశాను. పెట్టెలో వెండి గ్లాసు కనబడితే తీసుకున్నాను.

"దొంగ! దొంగ!" అని ఇంటాయన అరిచాడు.

నా ఆటల్లో ఎవరూ అలా అరవరు. కాబట్టి ఇదేదో కథలో కొత్త మలుపు అనుకుని సంబరపడ్డాను. తెర మీద నాలుగు జవాబులు వచ్చాయి. నా ఆటల్లో ఏ జవాబు నొక్కినా కథ వెళ్లే చోటికే వెళ్తుంది. అందుకని చదవకుండా మొదటిది నొక్కాను. అది "నోరు మూసుకో, లేకపోతే చంపుతా" అన్న జవాబట.

"అల్లుడా, పోలీసులొచ్చిన్రు!" అత్తమ్మ చేట పక్కన పెట్టేసింది.

కాపలా భటులు చుట్టుముట్టారు. నేను పద్ధతిగా నిలబడ్డాను. వాళ్లందరూ ఒక్కసారే మీద పడ్డారు.

"వాళ్లు గట్ల కొడుతుంటే చూస్తున్నవేంది?"

"నా వంతు ఇంక రాలేదత్తమ్మా!"

"దెబ్బలు తినేటోనికి వంతేంది! నువ్వు గూడ కొట్టు!"

అత్తమ్మ మాట తీసేయలేక బటన్లన్నీ నొక్కాను. ఇద్దరు భటులు పోయారు. ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని తరిమింది. శ్రావ్య ఆడే వీరనారి వెంట మొదటి నుంచీ నడుస్తున్న వైద్యురాలు నా ముందు నిలబడి, "నువ్వు ఇలాంటి దానివనుకోలేదు" అని చెప్పి వెళ్లిపోయింది. తర్వాతి అధ్యాయంలో ఎలాగూ వస్తుందిలే అనుకుని, అలవాటు ప్రకారం జాగ్రత్తగా సేవ్ చేసి పడుకున్నాను. ఎక్కడ సేవ్ చేశానంటే, శ్రావ్య రెండేళ్ల ఆటంతా దాచుకున్న ఒకే ఒక్క సేవ్ మీద, పాతది చెరిగిపోయేలా.

సాయంత్రం తను వచ్చి, కాళ్లు కడుక్కుని, ఉత్సాహంగా టీవీ ముందు కూర్చుంది.

"బావ, నన్ను చూసి అందరు తలుపులేసుకుంటున్నరేంది?"

"ఏమో. చలికేమో."

"నా వైద్యురాలేది?"

"వస్తది. తర్వాతి అధ్యాయంల."

"ఈ ఆటల అధ్యాయాలెక్కడియి? పోతే పోయినట్టే! పాత సేవ్ ఏది?"

"దాని మీదనే చేసిన. జాగ్రత్తగ."

శ్రావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది.

"ఊరి మీద పడి దోచినవ్. గది నీ మేనమామ ఇల్లనుకున్నవా?"

నిజానికి అదే అనుకున్నాను.

తను నా జపాన్ ఆట పెట్టింది. "నీది గూడ ఖరాబ్ చేస్తా చూడు" అంటూ కొత్తగా మొదలుపెట్టింది. మొదట్లోనే ఆటలోని రాజు అడిగాడు, "లోకాన్ని కాపాడతావా?" శ్రావ్య "కాపాడను" నొక్కింది. "అలా అనకు. లోకాన్ని కాపాడతావా?" మళ్లీ కాపాడనంది. "అలా అనకు. లోకాన్ని కాపాడతావా?" కసి కాస్తా కుతూహలంగా మారింది. ఎన్నిసార్లు అడుగుతాడో చూద్దామని నొక్కుతూనే ఉంది. రాజుకు విసుగు రాలేదు. చివరికి శ్రావ్యకే నవ్వొచ్చింది.

"కాదంటే ఒప్పుకోనోడు అడుగుడెందుకు బావ?"

"ఎట్లయినా ఔనంటమని నమ్మకం."

తను కంట్రోలర్ కింద పెట్టి నా వైపు తిరిగింది.

"బావ, నా ఆట మొదటికెంచి ఆడి, దసరా సెలవులకు నేనొచ్చేవరకు మళ్ల గీడిదాంక తెస్తవా?"

"నాకు పరీక్షలున్నయి శ్రావ్య."

"అట్లనకు బావ. నా ఆట మొదటికెంచి ఆడి, గీడిదాంక తెస్తవా?"

"రెండేండ్లది ఎట్ల తెమ్మంటవ్?"

"అట్లనకు బావ. నా ఆట..."

వంటింట్లోంచి అత్తమ్మ కేక వేసింది. "ఔనను అల్లుడా, నాకు గూడ తల నొస్తుంది!"

ఔనన్నాను.

తర్వాతి ఆదివారం ఆకలితో వంటింటి గడప దాకా వెళ్లి ఆగిపోయాను. "అత్తమ్మా, మురుకులు తీసుకోనా?" అని అడిగాను. అత్తమ్మ గాబరాగా నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఓ, ఇటు రాండ్రి! పిలగానికి పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోవాలె!" అని మామను పిలిచింది.

అందుకని ఆ మురుకుల డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. తెర మీది బొమ్మ ఇల్లయినా సరే, తలుపు కొట్టకుండా అడుగు పెట్టను. భటులు వస్తే నా వంతు కోసం ఆగను. ఇక మా మరదలు ఏది అడిగినా, మొదటిసారే ఔనంటాను.