మా నాన్న సొంతంగా రాసిన వాక్యం

మా నాన్న రాసింది ఒకే ఒక్క నవల. యుద్ధకాలంలో విశాఖ రేవు నుంచి జపాను వాళ్లకు ఓడల కబుర్లు చేరవేసే గూఢచారి కథ. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ కాగితాలు కత్తిరించి బైండు చేయించిన ప్రతి ఒక్కటే మిగిలింది, అది నాతో సిడ్నీ వచ్చింది. ముప్పై ఏళ్లుగా మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక్క ప్రాణినీ ఆ పుస్తకం చూపించకుండా పంపలేదు. ఆ గొప్పలు వినలేక మా ఆయన వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడుక్కునేవారు.

కిందటేడు ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు దాన్ని మళ్లీ అచ్చువేస్తామన్నారు. టైపు చేయడానికి మా గిరావీన్‌లోనే పక్క వీధిలో ఉండే ఒక నర్సు ముందుకొచ్చింది. నలభై దాటిన మనిషి, గుంటూరు దగ్గర ఊరు ఆమెది. ఇక్కడికి చదువుకోవడానికొచ్చి స్థిరపడిపోయింది. మొదటిరోజే టీ తాగుతూ, "మాది ఊరి బయట పల్లె ఆంటీ. ముందే చెప్పేస్తే నాకు హాయి," అంది. "ఇక్కడ అవన్నీ ఎవరు చూస్తారమ్మా!" అన్నాను, మహా పెద్దమనసున్నదానిలా. ఆ మాట అన్నందుకు సాయంత్రం దాకా నాకు నేనే మురిసిపోయాను.

పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లి, ప్రతి శనివారం మధ్యాహ్నం రెండేసి అధ్యాయాలు టైపు చేసి తెచ్చేది. "ఈ వీక్ షిఫ్ట్స్ చంపేశాయి ఆంటీ, అయినా నెక్స్ట్ ఏమవుద్దో అని ఆపలేకపోయా," అనేది. పాత మాటలకు అర్థాలు అడిగేది. మా అమ్మాయి తెలుగులో బోర్డు కూడా చదవదు. ఈమె కూర్చుని ఆ కథ మాట్లాడుతుంటే మా నాన్న ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండేది.

ఆరో శనివారం ఆమె లోపలికి రాలేదు. కాగితాలు కవరులో పెట్టి గుమ్మం ముందు ఉంచి, డ్యూటీ ఉందని మెసేజ్ పెట్టింది. తర్వాత వారాలూ అంతే. పని మాత్రం పూర్తిచేసింది. నాకు ఒళ్లు మండింది. నేనేం అన్నానని? మర్యాద లేని కాలం అని మా ఆయన దగ్గర సణిగాను.

ఆ రోజుల్లోనే కెల్లీవిల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల వీధి చివర చదివేసిన పుస్తకాలు పెట్టే చెక్కపెట్టెలో ఒక ఇంగ్లీషు నవల దొరికింది. మొదటి ప్రపంచయుద్ధం నాటిది. లండను రేవు, పొగమంచు, జర్మనీకి కబుర్లు చేరవేసే గూఢచారి. మూడో పేజీ దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత ఏం జరగబోతోందో నాకు తెలుసు. ప్రతి మలుపూ తెలుసు. మా నాన్న చేతిలో జర్మన్లు జపాను వాళ్లయ్యారు, కల్నల్ తహసీల్దారయ్యాడు, విస్కీ కాఫీ అయింది. లండను పొగమంచు మాత్రం అలాగే వచ్చి మే నెలలో విశాఖ మీద దిగింది. ఇదేమిటని నేనెన్నడూ అనుకోలేదు.

"ఆ రోజుల్లో అందరూ చేసిందేగా, వదిలెయ్," అన్నారు మా ఆయన. నేను వదిలే రకం కాదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఇంగ్లీషు పుస్తకం పదకొండో అధ్యాయంలో ఒక వంటవాడు వస్తాడు. మన దేశంవాడు, పేరు లేదు. వాడి దగ్గర వాసనట, చూపులో దొంగతనమట, వాడి జాతికి విశ్వాసం పుట్టుకతోనే లేదట. రహస్యం అమ్మింది వాడేనని తేలుతుంది, ఆనక వాడి శవం కాలువలో తేలుతుంది. ఇక్కడ ల్యాబులో ఉద్యోగానికి చేరిన కొత్తలో, నేను టిఫిన్ డబ్బా తీయగానే లేచి కిటికీ తెరిచిన తెల్లావిడ గుర్తొచ్చింది. మా నాన్న దీన్ని ఇలా ఉంచి ఉండడు, మార్చే ఉంటాడు అనుకుంటూ, కాస్త గర్వంగానే ఆయన పదకొండో అధ్యాయం తీశాను.

మార్చాడు. ఆ వంటవాణ్ణి ఊరి బయట పల్లె నుంచి వచ్చిన పనివాడిగా మార్చాడు. అదే వాసన, అదే చూపు, జాతి గురించి అదే మాట. శవం ఉప్పుటేరులో తేలింది. పైగా ఇంగ్లీషులో లేని వాక్యం ఒకటి చేర్చాడు: "గడప దాటనిస్తే ఇంతే మరి." మొదటి నుంచి చివరిదాకా వెతికాను. మా నాన్న సొంతంగా రాసిన వాక్యం నాకు అదొక్కటే దొరికింది.

పదేళ్లప్పటి నుంచి ఆ పుస్తకం ఇరవైసార్లయినా చదివి ఉంటాను. ఆ మాట ఒక్కసారీ గుచ్చుకోలేదు. గుమ్మం ముందు పెట్టి వెళ్లిన మొదటి కవరు వెతికి తీశాను. అందులో ఉన్నవి పదకొండు, పన్నెండు అధ్యాయాలు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి అచ్చు ఆపమన్నాను. ఇంగ్లీషు నవలకు కాపీ అని చెప్పాను. "దానికేముంది ఆంటీ, అప్పట్లో ఎవరు చేయలేదు, ఇట్స్ ఫైన్," అని నవ్వాడు. నేను పట్టుబడితే ఆపాడు. ఎంత నిజాయితీ అని నలుగురికీ చెప్పాడట. కన్నతండ్రిని దొంగ అనడానికి నోరు వచ్చింది గానీ, ఆ గడప వాక్యం సంగతి చెప్పడానికి రాలేదు. ఆమె ఇల్లు మాకు నాలుగు నిమిషాల నడక. సిగ్గేసింది, వెళ్లలేదు.

నెల తర్వాత పెండిల్ హిల్‌లో కూరగాయల కొట్లో కనిపించింది. కరివేపాకు చూస్తోంది.

"బుక్ ఆపేశారంట కదా ఆంటీ."

"అవునమ్మా. కాపీ అని తెలిసింది."

"కాపీ అనేనా?"

ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. ఒక్క మాట అంటే సరిపోయేది. వెనక సంఘం వాళ్లెవరో బెండకాయలు ఏరుకుంటున్నారు.

"అవును," అన్నాను.

"ఓకే ఆంటీ," అంది. కరివేపాకు సంచిలో వేసుకుంటూ, "ఆ చాప్టర్ టైప్ చేసేటప్పుడు, మీరు చూసుకుని ఉండరులే అనుకున్నా. చూసుంటే నాకు ఇచ్చేవాళ్లు కాదుగా," అని బిల్లు దగ్గరికి వెళ్లిపోయింది.

ఇదంతా నేనే టైపు చేసుకుంటున్నాను, రెండు వేళ్లతో. మా నాన్న వాక్యం దగ్గర మూడుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. ఆమె ఒక్కసారీ తప్పు కొట్టలేదు.