మిరప కళ్లంలో లండన్ డిటెక్టివ్

మా చిన్నప్పుడు లండన్ నగరం శనివారం సాయంత్రం ఎర్రబస్సులో మా ఊరొచ్చి, ఆదివారం సాయంత్రం అదే బస్సులో వెళ్లిపోయేది...

గుంటూరులో డిగ్రీ చదివే మా బాబాయి బ్రాడీపేటలో అద్దెకు తెచ్చే డిటెక్టివ్ నవలల మహిమ అది. ఎనభైల్లో ప్రత్తిపాడు పక్కనున్న మా పల్లెకు అంతకు మించిన విదేశీ సంబంధాలు లేవు.

ఒకసారి సరికొత్త నవల వచ్చింది. విక్టోరియా మహారాణి కాలంనాటి దొర డిటెక్టివ్... పాత కథల్లో ఎప్పుడో కాలం చేసినవాణ్ణి మన తెలుగు రచయిత ఎవరో లేపి కూర్చోబెట్టి, టోపీ పెట్టి, కొత్త హత్య ఒకటి చేతికిచ్చాడు. పొగమంచు, గుర్రబ్బళ్లు, గడియ వేసిన గదిలో దొరగారి శవం... బయట మాకేమో రోళ్లు పగిలే ఎండ.

ఆదివారం మధ్యాహ్నం. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ నీళ్లు తోడమని పిలిచింది. పుస్తకం కిటికీలో బోర్లించి వెళ్లొచ్చేసరికి... పుస్తకం లేదు!

సాయంత్రం బస్సుకి బాబాయితో పాటు అదీ వెళ్లిపోతుంది. అద్దె షాపులో దానికోసం ఇంకెవరో కాచుక్కూచున్నారు. అంటే హంతకుడెవరో తెలియకుండానే నా జీవితం గడిచిపోతుందన్నమాట.

డిటెక్టివ్‌లు ఏడవకూడదు. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని ఘటనాస్థలాన్ని పరిశీలించాను. కిటికీ చెక్క మీద ఎర్రటి వేలిముద్ర! కేసు తేలిపోయింది. ఎర్రచేతుల మనిషిని పట్టుకుంటే చాలు.

అమ్మ చేతులు చూశాను, ఎరుపు. నాయనమ్మవి ఎరుపు. పాలేరువి ఎరుపు. ఆఖరికి మా పిల్లి పాదాలూ ఎరుపే! లండన్‌లో ఎర్రచెయ్యి ఒక్కడికే ఉంటుంది. మిరపకాయలు కళ్లానికొచ్చిన నెలలో మా ఊళ్లో ఊరంతా ముద్దాయిలే. నా చేతులు కూడా చూసుకుని, నన్ను నేనే అనుమానితుల్లో చేర్చుకున్నాను.

"ఏమే, ఆ కళ్లజోడు ఇటివ్వు. పగలగొడతావు" అంది నాయనమ్మ.

"దర్యాప్తు జరుగుతోంది" అన్నాను గంభీరంగా.

"నీ దర్యాప్తు తగలెయ్య! కళ్లంలో మీ అత్తకి మజ్జిగ ఇచ్చిరా, పో."

మిరపకాయలు ఎండబోసే ఆ కళ్లం, రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల కబుర్లతో రోజూ మారుమోగేది. ఆ రోజు ఒక్క మాట లేదు. చూస్తే, ఎర్రటి రాశుల మధ్య గోతాం మీద కూర్చుని మా సరళత్త, బాబాయికి అక్క, గట్టిగా చదువుతోంది. నా నవల!

"దొంగ దొరికింది!" అని అరిచాను.

"నోర్ముయ్యవే!" అని కళ్లమంతా నా మీద విరుచుకుపడింది.

"వంటోడే చంపుంటాడు. మొదట్నుంచీ మొత్తుకుంటన్నా" అంది కాయలు ఏరుతున్న మస్తాన్‌బీ పిన్ని.

"కాదక్కా, పెళ్లామే. మొగుడు పోయిన మూడోనాడే పట్టుచీర కట్టిందంటే ఇంకేం కావాల?" అంది పక్కనున్న రత్తమ్మ.

"దొరసానికి పట్టుచీర ఎక్కడిదే?"

"ఏదోకటి... గౌను!"

ఇంతలో బాబాయి సంచీతో వచ్చాడు. "అక్కా, బస్సొచ్చే టైమైంది. పుస్తకం ఇటివ్వు. కావాలంటే హంతకుడెవరో నేను చెప్పేస్తా."

"చెప్పావంటే కాళ్లిరగ్గొడతా అబ్బాయ్! చదువు!" అంది మస్తాన్‌బీ పిన్ని.

అప్పటికే చదివి చదివి అత్త గొంతు బొంగురుపోయింది. బాబాయే అందుకున్నాడు. "హంతకుడు మరెవరో కాదు..." గాలి తిరిగింది. ఘాటు లేచింది. బాబాయి తుమ్మాడు. మళ్లీ "మరెవరో కాదు..." మళ్లీ తుమ్ము. ఈసారి కళ్లమంతా తుమ్మింది. అంతలో రోడ్డు మీద బస్సు హారన్!

మస్తాన్‌బీ పిన్ని కొంగు బిగించి పరిగెత్తుకెళ్లి బస్సుకి అడ్డంగా నిలబడింది. "కాసేపు ఆపండయ్యా! హంతకుడెవరో తేలబోతంది!"

కండక్టరు ముఖం పాలిపోయింది. "హత్యా? ఎవరమ్మా పోయింది?"

"లండన్ దొరగారయ్యా!"

సగం బస్సు దిగి కళ్లం చుట్టూ చేరింది. బాబాయి ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, చదివేశాడు... డాక్టరు!

శవాన్ని పరీక్షించిన పెద్దమనిషే! ఎవ్వరూ ఊహించలేదు. వంటవాడి పక్షం, దొరసాని పక్షం రెండూ ఓడిపోయి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నాయి. డ్రైవరు మాత్రం "నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆయన విన్నది అర పేజీ.

ఆ వారమంతా మా ఊరి డాక్టరుగారి దగ్గరికి సూదిమందుకి ఎవ్వరూ వెళ్లలేదు. పాపం, ఆయన బంగారంలాంటి మనిషి...

మొన్న ఆ దొర డిటెక్టివ్‌నే ఇంకెవరో మళ్లీ లేపి కొత్త నవల రాశారు. ఏసీ గదిలో, ఫోన్లో, ఒక్కదాన్నే ఒక్క పూటలో చదివేశాను. ఎవరూ లాక్కుపోలేదు. ఎవరూ అడ్డు రాలేదు. హంతకుడెవరో తెలియగానే ఆవేశంగా మా అమ్మాయి దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మా, చెప్పకు! స్పాయిలర్!" అని చెవులు మూసుకుంది.

చెప్పకూడదట... తెలిసిన హంతకుణ్ణి కడుపులో దాచుకుని ఎన్నాళ్లని తిరగను?

మీ ఇళ్లల్లో, మీ కళ్లాల్లో పదిమందికీ పుస్తకం చదివి వినిపించినవాళ్లు ఉంటే కింద రాయండి... హంతకుడి పేరుతో సహా. నేనేమీ అనుకోను.