ఇస్త్రీపెట్టె ఆగిన కథ

మా బావగారిని వీధిలో అందరూ 'గడువుగారు' అంటారు. ఏ కథల పోటీకి గడువు ఎప్పటిదాకా ఉందో ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పందే ఆయనకి తోచదు. ఒకరోజు పాలాయన్ని ఆపి, "మీలో కథ ఉందండీ, నెలాఖరులోపు పంపేయండి" అన్నారు. అప్పట్నుంచి ఆ పాలాయన ప్యాకెట్లు గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టకుండా జారుకుంటున్నాడు.

ఆయన ఉద్యోగం ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దడం. దాంతోపాటు కొత్తగా కథలు రాసేవాళ్ళ కోసం వారం వారం ఒక అరపేజీ నడుపుతారు. ఎక్కడ ఏ పోటీ ఉంది, ఎవరు కథలు అడుగుతున్నారు అనే కబుర్లు సగం, సలహాలు సగం. వర్షంతో కథ మొదలుపెట్టకండి. మొదటి పేజీ చింపేయండి, మీ కథ రెండో పేజీలోనే మొదలవుతుంది. పాత్రల కోసం ఊరంతా తిరగకండి, మీ ఇంట్లోనే ఉంటాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మరి ఆయన ఏం రాశారూ అంటే, పెళ్ళికి ముందు ఒకే ఒక్క కథ. అచ్చువాళ్ళ పొరపాటున అందులో చివరి పేజీ ఎగిరిపోయింది. ముగింపు అద్భుతం అని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ దెబ్బతో ఆయన రాయడం మానేసి సలహాల్లోకి దిగారు. మరదల్ని కాబట్టి ఈమాత్రం అనే హక్కు నాకుంది.

ఏటా వాళ్ళ పత్రిక పెట్టే కథల పోటీకి మొదటి వడపోత కూడా ఆయనదే. కథల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. పేర్లున్న కవర్లు సంపాదకుడి బీరువాలో భద్రం. ఆదివారాలు బావగారు ఆ కథలు ఇంటికి తెచ్చి గట్టిగా చదువుతారు. మా అక్క బల్ల మీద దుప్పటి పరిచి బట్టలు ఇస్త్రీ చేస్తూ వింటుంది. ఆయన కళ్ళు కాగితం మీద, చెవి మాత్రం ఇస్త్రీపెట్టె మీద. అది ఎక్కడైనా ఆగిందా, ఆ కథ గట్టెక్కినట్టే. ఆగకుండా సాగిందా, తిరుగు టపాయే. ఈ కిటుకు మాత్రం ఆయన ఏ అరపేజీలోనూ రాయలేదు.

ఈసారి పోటీకి అక్క కూడా కథ రాసింది. టైపు చేయించి నా చేత పోస్టు చేయించింది.

"బావగారికి ఒక్కమాట చెప్పకూడదుటే?" అన్నాను.

"నాదని తెలిస్తే మెచ్చుకుంటారు, లేదా నవ్వుతారు. రెండూ నాకొద్దు. ఎవరిదో అనుకుని చదవాలి. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కథలన్నీ విన్నాను. ఒక్కసారి నాది ఆయన నోట వినాలని ఉందే" అంది. అక్క ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ ఆదివారం నేనూ వెళ్ళి కూచున్నాను. వర్షంతో మొదలైన కథలు రెండు పోయాయి. మూడోది తీయగానే అక్క మెడ బిగుసుకుంది. నాకు అర్థమైంది.

కథలో ఒక భర్త. భార్యని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు, ఆవిడ నోరు తెరిచేలోగా జవాబు కూడా తనే చెప్పేస్తాడు. ఆవిడ తన జవాబులన్నీ కుక్కర్‌తో, కిటికీతో, ఉతికిన బట్టలతో చెప్పుకుంటుంది. బావగారు చదువుతూ చదువుతూ నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. తర్వాత ముక్కు ఎగబీల్చారు.

"ఏంటి వాసన?"

ఆయన ఆఫీసు చొక్కా. వీపున నల్లగా పెట్టె అచ్చు దిగిపోయింది.

"మంచి చొక్కానే కాల్చేశావా!" అని అరిచి, కాగితాలు బల్ల మీద పడేశారు. "కథ బాగానే ఉందిగానీ ఆ భర్త అతకలేదు. అలాంటి మొగుడు ఎక్కడైనా ఉంటాడా? ఏమంటావ్? ఉండడనేగా! నాకు తెలుసు, నువ్వూ అదే అంటావ్." అని తిరస్కరించిన కట్టలో పెట్టబోయారు.

నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది. అక్క మాత్రం కాలిన చొక్కా మడతపెడుతోంది. అది చూసి నా నవ్వు ఆగిపోయింది. ఇక లాభం లేదని నోరు విప్పాను.

"బావగారూ, పెట్టె ఆగింది కదా! ఆగడమేంటి, చొక్కానే తినేసింది. మీ లెక్క మీకే వద్దా?"

ఆయన చొక్కా వైపు చూశారు, కాగితాల వైపు చూశారు. గొణుక్కుంటూనే ఆ కథని ఇవతలి కట్టలోకి మార్చారు. మార్జిన్‌లో 'భర్త పాత్ర నమ్మేలా లేదు' అని రాయడం మాత్రం మానలేదు. అక్క ఇంకో చొక్కా అందుకుంది.

ఫలితాల రోజు సాయంత్రం నేను అక్క దగ్గరే ఉన్నాను. బావగారు వచ్చారు. సంపాదకుడు మొదటి బహుమతి కవరు ఆయన ఎదుటే విప్పాడట. వీధిలో ఎవరికీ ఏ గడువూ చెప్పకుండా నేరుగా వచ్చేశారు. చెప్పులు కూడా విప్పకుండా బల్ల దగ్గరికి వెళ్ళి, అక్క చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకుని, దుప్పటి మీద పరిచి ఉన్న తన చొక్కాకి ఆనించారు.

"నేను అలాగే ఉంటానా?" అని అడిగారు.

అలవాటు ఎక్కడికి పోతుంది, జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచి, మూసేశారు. అక్క ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు. అక్క తొందరపడలేదు. ఇన్నేళ్ళ తర్వాత దొరికిన ఖాళీ కదా, తీరిగ్గా ఆలోచించుకుంది. గదిలో వాసన మొదలైంది. పొగ కూడా లేచింది. అయినా ఆయన కదల్లేదు, మాట్లాడలేదు, అలాగే ఎదురుచూశారు.

"ముందా పెట్టె ఎత్తండి," అంది అక్క, "చెప్తాను."