మనుమరాలి మొక్కును నా మీద వేసుకున్న నెల

నేను మూడో తరగతి దాకా చదివాను. అందులో సగం బడి వాకిలి ఊడవడంలోనే గడిచింది. నలుగురిని కన్నాను గాని, వాళ్ళు లోపల ఎట్లా తయారయ్యారో నాకు తెలియదు. మా వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలను. నా ఒంట్లో ఏది ఎక్కడుందో మాత్రం అరవై దాటాక తెలిసింది. అది కూడా మనుమరాలి కాపురం నిలబెట్టడానికి పోతే తెలిసింది.

ఆ పిల్ల నా బిడ్డ కూతురు. నర్సింహులపేటలో నా దగ్గరే పెరిగింది. దాన్ని ఘనపూర్‌లో ఇచ్చాం. దాని పెనిమిటి భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు, బండి మీద రోజూ పోయి వస్తాడు. మంచివాడే. కానీ పెళ్ళై నాలుగో ఏడు నడుస్తున్నా కడుపు పండలేదు. ఒకరోజు జనగామ నుంచి నా బిడ్డ ఫోన్ చేసి ఏడ్చింది.

"అమ్మా, వాళ్ళత్త దసరా దాక సూస్తదట. అటెన్క తన అన్న బిడ్డను తెచ్చి కొడుక్కు జేస్తదట. మన పిల్లను ఇంటికి తోల్తదట."

"ఏడుస్తె ఫోన్ల పైసలు కాల్తయి, పెట్టెయ్. నేను పోతున్న," అన్నాను.

ఉత్త చేతులతో పోకూడదు, పండ్లకు పైసలు పెట్టకూడదు. కాబట్టి ఒక సంచిలో మా ఎండుమిరపకాయలు పోసుకుని బస్సెక్కాను. మనుమరాలి అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళు ఇచ్చి, మొదలుపెట్టింది.

"ఏం జేద్దం అత్తమ్మా, నేను మొక్కని దేవుడు లేడు. చేన్ల సారం లేకుంటె ఎవరేం జేస్తరు?"

"నీ కొడుకును దవాఖానల సూపెట్టినవా?"

"నా కొడుక్కేమైంది? బొగ్గు బాయిల పని జేసే మొగోడు. దున్నపోతు లెక్కున్నడు."

"దున్నపోతుకు గూడ పశువుల డాక్టరు ఉన్నడు గద బిడ్డా. మక్కలు మొలవకుంటె ఒక్క చేనునే తిడ్తవా? గింజల సంచి ఇప్పి సూడవా?"

ఆమె మూతి తిప్పుకుంది. కానీ దసరా దాకా గడువు పెట్టింది ఆమే కాబట్టి, ఆ లోపల ఏం చేసుకున్నా అడ్డం రాలేకపోయింది. అసలు కష్టం అల్లుడితో, అంటే మనుమరాలి పెనిమిటితో, వచ్చింది. ఎడ్లకొట్టం వెనకకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"అమ్మమ్మా, నేను దవాఖానకు పోయిన అంటె గని కాడ అందరు నవ్వుతరు. ఇజ్జత్ పోతది."

"అందుకే మానుకోటకు రా. ఆడ నిన్ను ఎవడు గుర్తువడ్తడు? నన్ను గుర్తువడ్తరు, నాకా ఇజ్జత్ భయం లేదు."

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కడి సర్కారు దవాఖానకు ముగ్గురం పోయాం. జొన్నరొట్టెలు మూట కట్టుకున్నాను, బయట ఒక్క చాయ కూడా తాగనివ్వలేదు. మనుమరాలికి రక్తం తీశారు, కడుపు మీద మిషన్ పెట్టి చూశారు. అల్లుడికి చిన్న డబ్బా ఒకటి ఇచ్చి పక్క గదిలోకి పంపారు. బయటికి వచ్చాక అతను నా వైపు చూడలేదు. నేను కూడా గోడ మీది గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను.

పరీక్షల ఫలితాలన్నీ వచ్చిన రోజు మళ్ళీ పోయాం. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఇద్దరు మంచిగనే ఉన్నరు. ఏ లోపం లేదు," అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. నా మనుమరాలు మాత్రం బోరున ఏడ్చింది. "లోపముంటె మందులన్న ఉంటుండె గద అమ్మమ్మా! ఇద్దరం మంచిగుంటె మరెందుకైతలేదు? ఇగ మా అత్త నా రాతనే అంటది."

అది నిజమే. ఏ లోపమూ లేదన్న మాట పట్టుకుని ఘనపూర్ పోతే పిల్లను నిలబెట్టలేం. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"డాక్టరమ్మా, నాకు సదువు లేదు. బిడ్డ ఎట్లయితదో మొదటికెల్లి చెప్పు. నాకు సమజయ్యేదాక లేవ."

ఆమె నవ్వి, గోడకున్న బొమ్మ దగ్గరికి పిలిచింది. ఆడమనిషి పొత్తికడుపులో నడుమ ఒక సంచి ఉంది, తలకిందులుగా పెట్టిన జామపండులా. అది గర్భసంచి. దానికి రెండు పక్కల రెండు సన్నని గొట్టాలు, గొట్టాల చివర బాదంకాయలంత అండాశయాలు. వాటిలో గింజల్లాంటి అండాలు ఉంటాయి.

"ఏంది? గింజలు ఆడోళ్ళకు గూడ ఉంటయా?" అన్నాను. మా పెద్దలు చెప్పింది వేరు. ఆడది చేను, గింజ మగవాడిది, అంతే.

"సగం ఆమెది, సగం ఆయనది అవ్వా. రెండు కలిస్తెనే బిడ్డ. ఆడపిల్ల తల్లి కడుపుల ఉన్నప్పుడే ఈ అండాలన్ని తయారైతయి. పుట్టినంక కొత్తయి రావు. పెద్దమనిషైనప్పటి నుంచి నెలకొక్కటి పక్వానికొచ్చి బయటికొస్తది."

నా బిడ్డ నా కడుపులో ఉన్నప్పుడే దాని కడుపులో ఈ మనుమరాలి అండం ఉందన్నమాట. అంటే ఈ పిల్లను సగం నేనూ మోశాను. పైగా ఆడవాళ్ళది ఎంత పొదుపు! పుట్టేటప్పుడే మూట కట్టుకుని వచ్చి, నెలకొక్కటి తీసి వాడతారు.

"మరి మొగోళ్ళది?"

వాళ్ళ బొమ్మ పక్కనే ఉంది. అల్లుడు కిటికీ వైపు తిరిగాడు. వృషణాలు రెండూ ఒంటికి వెలుపల సంచిలో వేలాడతాయి, ఎందుకంటే లోపలి వేడి వాటికి పడదు. విత్తనాల కుండను పొయ్యికి దూరంగా చల్లని మూలన పెడతాం కదా, అట్లాగే అనుకున్నాను. అక్కడ వీర్యకణాలు రోజూ తయారవుతూనే ఉంటాయి. ఒక్కో కణం పూర్తిగా పక్వం కావడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. అవి గొట్టాల వెంట వచ్చి, దారిలో ఊరే ద్రవంతో కలిసి బయటపడతాయి. ఒక్కసారికే కోట్లలో. అందులో అండాన్ని చేరేది ఒక్కటే. పుట్టేది ఆడా, మగా అని తేల్చేది కూడా ఆ మగ కణమే.

"కోట్లు పంపి ఒక్కటి వాడుకునుడా? మొగోళ్ళది అన్నిట్ల దుబారానే," అన్నాను. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రెండూ కలిసేది సంచిలో కాదట, గొట్టంలోనట. కలిశాక మెల్లగా సంచిలోకి దిగి అంటుకుంటుంది. దాని కోసం సంచి ప్రతి నెలా మెత్తటి పరుపు పరిచి పెడుతుంది. ఎవరూ రాకపోతే ఆ పరుపు కరిగి బయటికి పోతుంది. అదే బహిష్టు. చుట్టం కోసం పరిచిన పరుపును ఇన్నేళ్ళూ మైల మైల అంటూ మూలన కూర్చున్నాం.

"ఆ అండం ఎన్ని దినాలు బతుకుతది?" అని అడిగాను. ఏ గింజకైనా అదును ఉంటుంది కదా.

"ఒక్క దినం. అది గూడ ఈమె లెక్క సరిగ్గ నెలనెల వచ్చేటోళ్ళకు, బహిష్టు మొదలైన పద్నాలుగో దినం అటిటుగ. మగ కణాలు లోపల మూడు నుంచి అయిదు దినాలు ఉంటయి. అందుకే ఆ దినాలకు ముందుగాల్నే కలిసుండాలె." ఆమె మనుమరాలి వైపు తిరిగింది. "మీరు ఆ దినాలల్ల కలిసే ఉంటున్నరు గద?"

మనుమరాలు తల దించుకుంది. "లేదు మేడం. మొక్కు ఉంది."

"ఏం మొక్కు?"

"పిల్లల కోసం మా అత్త మొక్కింది. అయిదో దినం తలస్నానం జేసినంక పదకొండు దినాలు ఒంటిపూట తినాలె, అత్త గదిల సాప మీద పండాలె. అది అయినంక పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి మా గదికి పోవాలె. పెండ్లైన రెండో నెల నుంచి నడుస్తున్నది."

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. అల్లుడు కిటికీ దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆ రోజు మొదటిసారి నా మొహం చూశాడు.

అయిదో దినం నుంచి పదకొండు దినాలంటే, ఆ పద్నాలుగో దినం ప్రతి నెలా చాప మీదే పోతోంది. పిల్లల కోసం పట్టిన మొక్కే పిల్లల్ని రానివ్వలేదు. నాకు నవ్వు ఆగలేదు. ఆ దవాఖానలో అంత గట్టిగా ఎవరూ నవ్వి ఉండరు.

కానీ మనుమరాలు నవ్వలేదు. "మొక్కు ఇడిస్తె అత్త ఊకోదు. దేవతను కాదన్నదని అదొక వంక దొరుకుతది." అదీ నిజమే. బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. హనుమకొండ దాటాక ఉపాయం దొరికింది.

ఘనపూర్‌లో దిగగానే మనుమరాలి అత్తను పోచమ్మ గుడి దగ్గరికి తీసుకుపోయాను. పసుపు గుడ్డ నా ముంజేతికి నేనే కట్టుకున్నాను.

"పిల్ల సన్నది, ఒంటిపూట తిండితోని రక్తం లేదు. ఈ మొక్కు నేనెత్తుకుంటున్న. పదకొండు దినాలు ఒంటిపూట నేనుంట, సాప మీద నేను పంట. పెద్దోళ్ళు పిల్లల మొక్కు మొయ్యొచ్చా, లేదా?"

"మొయ్యొచ్చు గని…"

"గని ఏంది? అమ్మోరి ముంగట చెప్పు."

అమ్మవారి ముందు ఆమె ఏం చెప్తుంది? ఒప్పుకుంది. "అయితె ఆమె ఇగ తన గదిలనే పంటది," అన్నాను. దానికీ తలూపింది.

తర్వాతి నెల నా ఇంట్లో నేను ఒంటిపూట ఉన్నాను. నష్టమేమీ లేదు, బియ్యం మిగిలాయి. ఆ నెల ఏమీ కాలేదు. రెండో నెల కూడా పట్టాను. బతుకమ్మలు పేర్చే రోజుల్లో, దసరా ఇంకా ముందుండగానే, ఫోన్ మోగింది. మనుమరాలి అత్త గొంతు.

"అత్తమ్మా! పిల్ల నీళ్ళు తప్పింది, కడుపుతోని ఉన్నది! సూసినవా, మా మొక్కు ఎంత సత్తెమైనదో!"

"సత్తెమైనదే బిడ్డా. జాగ మారినంక పనిజేసింది."

ఆమెకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది, నల్లగా, నిగనిగలాడుతూ, గొంతు మాత్రం నాదే. "మగపిల్లగాడైతె మంచిగుంటుండె," అని అత్త నసిగితే, "అది నీ కొడుకు పంపిందే. గింజల సంచి ఇప్పి సూడుమని అప్పుడే చెప్పిన," అన్నాను. అల్లుడు బిడ్డను ఎత్తుకుని పెద్దగా నవ్వాడు.

ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేశాం. చుట్టాలంతా పోయాక మనుమరాలి అత్త ఒక పిల్లను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. తన అన్న బిడ్డ. మా పిల్లకు సవతిగా రావలసిన పిల్ల! ఆ మధ్యనే వేరే చోట పెళ్ళైంది.

"అత్తమ్మా, దీని అత్త అప్పుడే ఏదో మొక్కు పట్టించిందట," అంది, ఎటో చూస్తూ. "నువ్వు దవాఖానల సూసిన ఆ బొమ్మ… జర దీనికి గూడ చెప్పు."

నేను పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని నేల మీద కూర్చున్నాను. ముందు జామపండు గీశాను, దానికి రెండు గొట్టాలు, రెండు బాదంకాయలు. ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. ఆమె పక్కన మనుమరాలి అత్త కూడా కూర్చుని ముందుకు వంగింది. గుమ్మంలోంచి మా అల్లుడు, బిడ్డను భుజాన వేసుకుని, ఆ పిల్లకు చెప్పాడు.

"మీ ఆయనను గూడ తోలుకపో మరదలా. డబ్బా చిన్నదే, భయపడొద్దని చెప్పు."