గుడ్డు పడని నల్లపెట్ట

ఉప్పలగుప్తంలో విజయ ఒకచోట కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. అన్నం కూడా కంచం చేతపట్టుకుని పెరట్లో తిరుగుతూనే తింటుంది. జారిపోయే జుట్టుముడిని ఎడమచేత్తో బిగించుకుంటూ కోళ్ళను ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. ఆ ఉదయం నల్లపెట్ట గంప పక్కన ఈకలు ఉబ్బించుకుని, తోక ఊపుతూ ముక్కుతోంది. పొట్ట కింద తడిమితే గుడ్డు తగిలింది. లోపలే ఇరుక్కుపోయింది. వసారాలో ఉన్న భర్త రాజేంద్ర, "చచ్చిపోయేలోగా కోసేద్దామే. కూరకైనా వస్తాది," అన్నాడు. విజయ బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి పెట్టను కూర్చోబెట్టింది. వేలికి కొబ్బరినూనె రాసుకుని గుడ్డు చుట్టూ మెల్లగా తిప్పింది. నీళ్ళు చల్లారితే పొయ్యి దగ్గరికి పరుగెత్తి మళ్ళీ కాచి తెచ్చింది. పెట్ట కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కోడి కోసం ఇంత ఆరాటమేంటే?" అన్నాడు రాజేంద్ర.

"పాప పుట్టినప్పుడు మీరు కువైట్‌లో ఉన్నారండి. నొప్పులు పడేటప్పుడు పక్కన ఎవరూ లేకపోతే ఎలాగుంటాదో నాకు తెలుసు."

అతను వసారా దిగి వచ్చాడు. ఎండ పెరట్లోకి వచ్చేసరికి పెట్ట ఒక్కసారి ఒళ్ళు బిగించింది. నెత్తుటి చారలున్న గుడ్డు విజయ అరచేతిలోకి జారింది. తడిసిన పెట్ట గజగజ వణుకుతోంది. రాజేంద్ర భుజం మీది తువ్వాలు తీసి, పెట్టను ఒళ్ళోకి తీసుకుని తుడవసాగాడు.