అగ్గిపెట్టెకు ముందు వచ్చే తలనొప్పి

ఏ వస్తువునైనా విభజించి, లక్షణం చెప్పి, పేరు పెట్టనిదే నాకు అన్నం సహించదు. ఉద్యోగమున్నన్నాళ్ళు పిల్లలకు సమాసాలూ అలంకారాలూ విడదీసి చెప్పిన నాలుక ఇది. విశ్రాంతి లభించిన తరువాత ఆ నాలుక ఊరకుండలేక చుట్టాలను, మామిడికాయలను, ఇరుగుపొరుగువారి దగ్గులను విభజించడం మొదలుపెట్టింది. కనుక మా కోడలి తలనొప్పి నా యెదుటికి వచ్చినప్పుడు నేను దానిని బాధగా భావించలేదు. లక్షణం చెప్పవలసిన ఉదాహరణగా భావించాను.

మాది మిర్యాలగూడ. మా కోడలు ఊరి వెలుపల ఒక రైసుమిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. ఏ లారీ ఎప్పుడు వచ్చింది, వడ్లలో తేమ ఎంత, ఏ బియ్యం ఎటు పోయింది అన్న వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని. నా కుమారుడు హాలియా వైపు రోడ్డు పనుల మీద ఉండి వారానికొకమారు వచ్చిపోతాడు. ఇంట్లో ఏ విషయంలోనైనా అతని అభిప్రాయం వాళ్ళమ్మ దగ్గర భద్రంగా ఉంటుంది.

నెలకొకమారు ఆ అమ్మాయికి తలలో ఒక పక్కన సుత్తి మొదలయ్యేది. కిటికీలు మూసి, కర్టెన్లు దించి, నుదుట తడిగుడ్డ వేసుకొని పడుకొనేది. కుక్కరు కూత వినలేదు, పోపు వాసన ఓర్వలేదు, వెలుతురు చూడలేదు. ఆ రోజు మిల్లుకు సెలవు పెట్టేది. వరికోతలు ముమ్మరంగా ఉన్న కాలంలో వరుసగా రెండు నెలలు ఇట్లా జరిగేసరికి మిల్లు యజమాని, ఇంకొకసారి ఇట్లయితే వేరే మనిషిని చూసుకుంటానని చెప్పి పంపాడు. ఆ హెచ్చరిక మా యింట శుభవార్తలా వినబడింది. ఉద్యోగం వల్లనే తలనొప్పి అనీ, అది మానితే ఇది మానుతుందనీ పెద్దలందరం ఏకగ్రీవంగా తీర్మానించాము. తల ఎవరిదో ఆమె ఒక్కతే తీర్మానానికి ఎదురు చెప్పింది.

"నౌకరి మాత్రం ఇడువను అత్తమ్మా. తల పోయినా సరే."

"తలనే పోతుందని కదా మేము మొత్తుకునేది," అంది మా ఆవిడ.

ఇక వ్యాధి నిర్ణయం. మా ఆవిడ సిద్ధాంతంలో తలనొప్పులు రెండు విధాలు: దిష్టి వల్ల వచ్చేవి, తడితల వల్ల వచ్చేవి. మొదటిదానికి ఆమె ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల మీద వేసేది. ఘాటు రాకుంటే "సూడు, ఎంత దిష్టి ఉందో" అనేది. ఘాటు వస్తే "సూడు, ఎట్ల పోతున్నదో" అనేది. రెండు విధాలా శాస్త్రం గెలిచేది. చీకటి గదిలో దగ్గు మాత్రం హెచ్చేది.

మా బావమరిదికి సూర్యాపేటలో ఎరువులూ పురుగుమందులూ అమ్మే దుకాణం ఉంది. ఎండిన వరి ఆకు చేతిలో పెడితే రోగం చెప్పి, డబ్బా ఇచ్చి పంపడం అతని వృత్తి. మనిషినీ అదే చూపుతో చూస్తాడు.

"బావా, నొప్పి అంచుకు మొదలైతున్నదా, నడుమ మొదలైతున్నదా?" అని ఫోనులో అడిగాడు.

"ఒక పక్కన."

"కక్కుతున్నదా?"

"అప్పుడప్పుడు."

"ఇగ దాచేదేముంది, పైత్యం."

నేను ఈ ఇద్దరికంటే పై మెట్టు మీద నిలిచాను. పాత వైద్య గ్రంథాలు శిరోరోగాలను వేరువేరుగా చెప్పాయి. సూర్యునితో పెరిగి సూర్యునితో తగ్గేది సూర్యావర్తం. సగం తలను చీల్చేది అర్ధావభేదకం. ఇంకా వాత పిత్త కఫాల వలన పుట్టేవి వేరు. మా కోడలిది అర్ధావభేదకమా, పిత్తజమా అన్న మీమాంసను నేను హాలులో కూర్చొని, గోడ అవతల ఉన్న రోగికి కూడా వినబడేటట్టు విస్తరించాను. లోపలి నుంచి సన్నని గొంతు వచ్చింది.

"మామయ్యా, జర మెల్లగ."

శ్రోత శ్రద్ధగా వింటున్నదని సంతోషించాను.

మా యింటి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. నెలసరి దినాలలో కోడలు దేవుని గదిలో అడుగుపెట్టదు. ఆ దినాలలోనే అన్నం వండుతుంది, ఫ్రిజ్ తెరుస్తుంది, మిల్లుకు పోయి ఊరందరూ తినబోయే బియ్యానికి లెక్క రాస్తుంది. గ్యాసు పొయ్యి వెలిగించవచ్చును, దీపం వెలిగించరాదు. ఇది ఏ స్మృతిలో ఉన్నదో నేనెరుగను. బహుశా గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత వ్రాసిన స్మృతి అయి ఉండాలి. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చోరాదు. కనుక ఆ దినాలలో దీపం నా వంతు. ఆ సంగతి నాకు నోటితో ఎవరూ చెప్పరు. పొద్దున నేను చదువుకొనే పుస్తకం మీద అగ్గిపెట్టె కనబడుతుంది. అంతే. ఎవరు పెట్టారని నేను అడగను. ఎందుకు పెట్టారని వారు చెప్పరు. మా కుటుంబ మర్యాద మొత్తం ఆ చిన్న పెట్టెలో ఇమిడి ఉన్నది.

తలనొప్పికి, అగ్గిపెట్టెకు సంబంధమున్నదేమోనన్న శంక నాకు రాకపోలేదు. వచ్చిన మరుక్షణమే తర్కంతో దానిని ఖండించాను. తలనొప్పి ముందు వస్తుంది, అగ్గిపెట్టె తరువాత వస్తుంది. కార్యం కారణానికి ముందు పుట్టదు. కనుక సంబంధం లేదు. ఇంత గట్టి ఖండన నా జన్మలో మరొకటి చేసి ఉండను.

చివరకు మా బావమరిది ఎవరో రైతు భార్యకు నయమైందని విని, కోదాడలో తలనొప్పులు చూసే ఒక డాక్టరమ్మ సంగతి తెచ్చాడు. మా ఆవిడ ఒప్పుకున్నది గాని షరతు పెట్టింది. "గామె గూడ రోగం లేదంటే, నౌకరి బందు. మల్ల మాట్లాడొద్దు." కోడలు తలూపింది. ఆ ఊపుకే నొప్పి కలిగినట్టు కళ్ళు మూసుకుంది, ఎందుకంటే ఆ వేళకే సుత్తి మొదలైంది.

బస్సులో సూర్యాపేట చేరి, అక్కడినుంచి బావమరిది కారులో బయలుదేరాము. మునగాల దగ్గర అతనికి చాయ్ తాగకపోతే బండి నడవదు. దాబా ముందు ఆపగానే నూనె వాసన వచ్చింది. కోడలు దిగి, కొంగు మూతికి అడ్డుపెట్టుకొని రోడ్డు పక్కకు పోయి కక్కుకుంది.

"సూడు బావా, పైత్యం బయటవడ్డది. నేను దుకాణంల కూసోనే చెప్పిన," అన్నాడు బావమరిది, చాయ్ ఊదుకుంటూ.

డాక్టరమ్మ వయసులో చిన్నది. మేము నలుగురం ఒకేసారి గదిలోకి పోయాము. ఏమిటి ఇబ్బంది అని ఆమె అడగగానే ముగ్గురం మూడు సిద్ధాంతాలు మొదలుపెట్టాము. ఆమె కలం పట్టుకొని కాసేపు విన్నది.

"తలనొప్పి మీ ముగ్గుర్లో ఎవరికండీ?"

మా బావమరిది నొచ్చుకున్నాడు. "మాకెందుకుంటది మేడం. గీ పిల్లకు."

"అయితే ఆ అమ్మాయి చెప్తుంది. ఏమ్మా, ఎప్పుడెప్పుడు వస్తుంది?"

అమ్మాయి నోరు తెరవకముందే మా ఆవిడ, "గట్ల ఏం లేదమ్మా, దానికిష్టమైనప్పుడు వస్తది," అన్నది.

"నెలసరికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?"

మా బావమరిది గోడ మీది మెదడు బొమ్మను పరిశీలించసాగాడు. మా ఆవిడ దగ్గింది. కోడలు నా వైపు చూసి తల దించుకుంది. సభ మౌనం వహించినప్పుడు పండితుడు మాట్లాడాలి గదా.

"లేదమ్మా," అన్నాను. "నేను బాగుగా విచారించాను. ఈ నొప్పి ఆ దినాలకు ముందే వచ్చేస్తుంది. కార్యం కారణానికి ముందు పుట్టదు."

"ముందంటే ఎంత ముందండీ?"

"అగ్గిపెట్టె నా పుస్తకం మీదికి రావడానికి ఒకటి రెండు దినాల ముందు."

అగ్గిపెట్టె కథ చెప్పవలసి వచ్చింది. చెప్పుతున్నంతసేపూ మా ఆవిడ నా మోచేతిని గిల్లుతూనే ఉంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"ప్రతి నెలా ఇదే వరసా?"

"ప్రతి నెలా ఇదే. కనుకనే సంబంధం లేదంటున్నాను."

"నాకు కావలసింది అదేనండీ," అన్నదామె. "వాన పడకముందే గాలి మారుతుంది చూడండి, అలాగే. నెలసరి మొదలయ్యే ముందు ఒంట్లో ఒక హార్మోను పడిపోతుంది. ఆ పడిపోవడమే కొందరికి ఈ నొప్పి తెస్తుంది. మీరు చూసే రోజు కారణం కాదు, కారణం అంతకు ముందే జరిగిపోయింది."

నా ఖండన నా కళ్ళ ముందే సాక్ష్యంగా మారిపోయింది. ప్రతివాదికి ఇంత ఉపకారం చేసిన వాది మరొకడుండడు.

ఆమె ఇప్పుడు కోడలితోనే మాట్లాడింది. ఒక పక్కనేనా, వెలుతురు పడదా, వాంతి వస్తుందా, నొప్పికి ముందు కళ్ళ ముందర మెరుపులు కనబడతాయా. మెరుపులు లేవన్నది కోడలు.

"ఇంకెప్పుడైనా వస్తుందా? ఆ రోజులు కాకుండా?"

"ఒక్కపొద్దు ఉన్ననాడు ఒకటి రెండుసార్లు వచ్చింది మేడం."

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన విభజన చూసి నాకు అసూయ కలిగింది. ఇది మైగ్రేను. నెలసరితో ముడిపడ్డవాటిలో రెండు రకాలు. మొదటిది ఆ రోజులలోనే వచ్చి మరెప్పుడూ రానిది. రెండవది ఆ రోజులలో తప్పక వస్తూ, నిద్ర చెడ్డప్పుడో కడుపు మాడ్చుకున్నప్పుడో కూడా వచ్చేది. కోడలిది రెండవదిలా ఉన్నదట. మూడు నెలలు గుర్తు పెట్టుకొని, అందులో కనీసం రెండు నెలలు ఇదే వరస కనబడితే పేరు ఖాయమట. పేరు ఎందుకంటే, రకాన్ని బట్టి నివారణ ఉంటుంది. గోలి నొప్పి మొదలు కాగానే వేసుకోవాలి, ముదిరాక కాదు. అట్లాగని రోజూ మింగితే ఆ గోలీలే తలనొప్పి తెస్తాయి. ఒక్కపొద్దులు బందు.

"తెగులు ముదరకముందే మందు కొట్టాలె," అన్నాడు బావమరిది తృప్తిగా. "నేను రైతులకు రోజూ చెప్పేది గదే."

"ఆ దినాల ముందే వస్తదని నీకు తెలిసినప్పుడు ముందుగాల ఎందుకు చెప్పలే పిల్లా?" అని మా ఆవిడ బయటికి వచ్చాక కోడలిని అడిగింది.

"ఎవరు అడిగిండ్రు అత్తమ్మా? మామయ్య ముందట ఎట్ల చెప్త? దిష్టి తీసుడు అయిపోయినంక చెప్దామనుకుంటే గంతట్లనే మామయ్య మొదలుపెడ్తుండె."

ఇక మిల్లు యజమానికి చెప్పడం మిగిలింది. ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి. బావమరిది జ్వరమని చెప్పుదామన్నాడు. మా ఆవిడ చుట్టాలింట్లో చావని చెప్పుదామన్నది. నేను 'దేహధర్మ సంబంధమైన అస్వస్థత' అన్న మాటను కూర్చుకొని ఫోను అందుకోబోయాను. కారు మునగాల దాటుతుండగా కోడలు తన ఫోను తీసి, మా అందరి ముందే మాట్లాడింది.

"సార్, నాకు నెలసరి ముందట మైగ్రేను వస్తున్నదట. డాక్టరుకు చూపెట్టుకున్న, మందు దొరికింది. ఆ ఒక్కనాడు పొద్దున ఆలస్యంగ వస్త, సాయంత్రం ఉండి పని ఖతం చేసి పోత. ఇగ సెలవు పెట్ట."

యజమాని గొంతు తగ్గించి అన్నది మా అందరికీ వినబడింది.

"సరే అమ్మా, గట్లనే రా. గా డాక్టరు కోదాడల ఏ గల్లీ? మా ఇంట్ల గూడ గిదే పరేషానుంది."

మా బావమరిది అద్దంలో నన్ను చూశాడు. నేను కిటికీలోంచి పొలాలను చూశాను.

తరువాతి నెల ఒక ఉదయం, నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. అగ్గిపెట్టె వచ్చి దాని మీద కూర్చున్నది. పెట్టిన చేయి ఈసారి కనబడింది. కోడలు, భుజాన బ్యాగుతో.

"రేపో ఎల్లుండో మీకు పనికొస్తది మామయ్యా. ఇప్పటికైతే దీపం నేనే పెట్టిన. గోలి యేసుకున్న, జర సేపు పండుకున్న, ఇగ పోతున్న."

ముందుగా వచ్చిన ఈ అగ్గిపెట్టెను ఏ తరగతిలో చేర్చాలా అని నేను ఆలోచిస్తుండగానే ఆమె స్కూటీ మిల్లు రోడ్డు మలుపు తిరిగింది.